ఉతకని దుప్పటి

ఇస్త్రీ కొట్టు వెనక గది, మిట్టమధ్యాహ్నం. మూడు నెలల పసిపిల్లను భుజాన వేసుకుని అత్త స్టూలు మీద కూర్చుంది. బల్ల కింద చెక్కపెట్టెలో మూడు పిల్లికూనలు. పెట్టె ముందు నేల మీద కోడలు. తల్లిపిల్లి మాత్రం కిటికీ గట్టు ఎక్కి అటు తిరిగి కూర్చుంది.

"చూశావా దాని పొగరు! మూడు పిల్లలు ఆకలికి నోళ్ళు తెరుచుకుని అరుస్తుంటే మహాతల్లి కాలు నాక్కుంటోంది. కాలు! ఏ ఊరేగింపుకి పోవాలో మరి!"

"మెల్లిగా అత్తయ్యా. మీరు గట్టిగా అరిస్తే అది అసలు దిగదు."

"నేను అరవడమేంటి? నా గొంతే అంత. నలభై ఏళ్ళు ఇస్త్రీపెట్టె ముందు నిలబడి, రోడ్డు మీద బండ్ల మోతకి ఎదురు మాట్లాడిన గొంతు. దీనికి జడిసి పాలివ్వడం మానేసే తల్లి ఉంటుందా ఎక్కడైనా?"

"దానికింకా ఏడాది నిండలేదు. మొదటి కాన్పు."

"ఆఁ, మొదటి కాన్పు! ప్రతి పనికిమాలిన దానికీ అదొక సాకు. మొన్నటిదాకా చొక్కా బొత్తాన్ని దొర్లించుకుని ఆడుకున్న మొహం, ఇవాళ తల్లయిందట తల్లి. ఛీ! ... ఒరేయ్, ఆ తెల్లచొక్కా కాలర్ మీద పెట్టె ఆపకురా, మాడుతుంది! ... నీ మొగుడికి ముప్ఫై ఏళ్ళొచ్చినా, వెనకనుంచి నేనొక కేక వెయ్యకపోతే చొక్కా చొక్కాలా ఉండదు."

"చిన్నది కదలట్లేదత్తయ్యా."

"ఏ చిన్నది?"

"బూడిదరంగుది. పొట్ట లోపలికి పోయింది. చల్లగా ఉంది ముట్టుకుంటే."

"ఉండదూ! నిన్న నేను చుక్కలగొట్టంతో పాలు పోస్తే ఆ రెండూ తాగాయి, ఇది మొత్తం కక్కేసింది. తల్లికే పట్టనప్పుడు దానికి మాత్రం బతకాలని ఏముంటుంది?"

"వెల్లకిలా పడుకోబెట్టి పోశారుగా. ముక్కులోకి పోయాయి. బోర్లా ఉంచి పట్టాలంట వీటికి."

"అంట? ఎవరా అన్నది?"

"పశువుల ఆసుపత్రిలో నర్సమ్మ. పొద్దున ఫోన్ చేశాను."

"పిల్లికి ఫోనా! బాగుంది. రేపు బల్లి గుడ్డు పెట్టకపోతే దానికీ చెయ్యి. ఏంటది, దాన్ని మెళ్ళో వేసుకుంటున్నావా?"

"ఒంటికి ఆనించుకుంటున్నాను. ముందు వెచ్చబడాలి. వెచ్చబడకుండా పాలు పట్టకూడదంట."

"పిల్లికూనల్ని పిసికిన ఆ చేతుల్తో నా మనవరాల్ని ముట్టుకునేవు సుమా!"

"ముట్టుకోనిస్తే కదా."

"ఏమన్నావ్?"

"ఏం లేదు."

"ఏదో అన్నావ్."

"గది ఉక్కగా ఉందన్నాను."

"ఊఁ. ఇంకేమంది ఆ నర్సమ్మ?"

"ముందు ఒకటి అడిగింది. పుట్టగానే కూనల్ని ఎవరైనా కడిగారా అని."

"ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను. మా అత్తయ్య సబ్బు పెట్టి కడిగి, పిండి, ఇస్త్రీపెట్టె పక్కన ఆరబెట్టి, మడత నలగని టవల్లో చుట్టారని."

"పిండానా? పిండలేదే నేను! అద్దానంతే. సరేలే. ఏమంది?"

"'అయ్యో రామా' అంది."

"అంటుంది మరి. అంత శుభ్రం ఆవిడ ఆసుపత్రిలో ఉంటే కదా."

"నీలిమందు కూడా పెట్టారా అని అడిగింది."

"వెటకారమా! నెత్తురూ జిగురూ పట్టుకుని ముద్దల్లా పడి ఉంటే చూస్తూ కూర్చోవాలా? ఇది బట్టలుతికే ఇల్లు. మరక ఈ గుమ్మం లోపలికి రావచ్చు గానీ, మరకగా బయటికి పోదు. మా మామగారి నాటి మాట అది."

"పిల్ల తనదని తల్లికి తెలిసేది వాసనతోనే అంటత్తయ్యా. మనం వాసన కడిగేశాం. సబ్బు బిళ్ళల్లా ఉన్న వాటిని చూసి, ఇవెవరివో అనుకుంది అది."

"తన పిల్లల్ని తాను పోల్చుకోలేని మొద్దుని నువ్వు వెనకేసుకు రావడమా! ఆడలేక మద్దెల ఓడంటే ఇదే."

"పైగా మూడు రోజుల్లో నాలుగు చోట్లు మార్చారు. దుప్పట్ల మూట మీంచి బుట్టలోకి. బుట్టలోంచి అలమర మీదికి. అక్కణ్ణించి..."

"గిరాకీ దుప్పట్ల మీద ఈనితే హారతి పట్టమంటావా? ఇప్పుడేమంటావ్, తప్పంతా నాదంటావ్?"

"అనలేదు."

"అనకు."

"బుజ్జిది నోరు వెతుక్కుంటోందత్తయ్యా. చెయ్యి కడుక్కొస్తాను, ఇలా ఇవ్వండి. పాలిస్తాను."

"ఇప్పుడేగా డబ్బాపాలు తాగింది. అది ఆకలి కాదు, నిద్ర."

"నాకు బరువెక్కి సలుపుతోంది."

"పిండి పారబొయ్యి."

"పొద్దుటినుంచీ అదే చేస్తున్నాను."

"నీ పాలు పల్చన పిల్లా, ఏం చేస్తాం. మొదటి వారం చూళ్ళేదూ? ఎంతసేపు పట్టుకున్నా ఏడుపే. నేను డబ్బా పట్టాకే కదా ఇల్లు నిద్రపోయింది!"

"వారమే చూశారు. ఆ తర్వాత రోజుకో మాటు, రెండు మాట్లు, చుట్టానికి చూపించినట్టు తెచ్చి చూపిస్తున్నారు. నా దగ్గరికొస్తే అది కొత్త మొహం చూసినట్టు చూస్తోంది."

"పసిపిల్లకి మంచీ చెడ్డా తెలుస్తాయి మరి."

"ఇవాళ్టినుంచి నా పక్కన పడుకోబెట్టుకుంటాను."

"ఎవరు నూరిపోశారిది? వాడా?"

"ఎవరూ కాదు. నేనే."

"నువ్వా! నిద్రలో మంచం ఈ కొసనుంచి ఆ కొసకి దొర్లుతావు, నీ పక్కనా నా మనవరాలు? అదిగో, ఆ కిటికీలో కూర్చుందే మహారాణి, అది దిగొచ్చి దాని పిల్లలకి పాలిచ్చిన రోజు అడుగు. ఆ రోజు ఇస్తా నీ పిల్లని నీకు. అప్పటిదాకా కాకి ఎప్పుడు తెల్లబడుతుందా అని చూస్తుండు."

"మాట మీద ఉంటారా?"

"నా మాట ఇస్త్రీమడత. పడిందంటే పోదు."

"అయితే లేవండి."

"ఎక్కడికి?"

"తెర వెనక్కి. కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలి."

"మాట్లాడకుండానా! నా పెళ్ళిపీటల మీదే కూర్చోలేదు నేనట్లా... ఉండుండు. ఏంటా కంపు? ఏంటి నీ చేతిలో?"

"పాత దుప్పటి. అది ఈనిన దుప్పటి."

"నేను నానబెట్టమన్నదా?"

"ఆఁ."

"నానబెట్టలేదా?"

"లేదు."

"మూడు రోజులు! ఈ ఇంట్లో! నెత్తుటి గుడ్డ ఉతక్కుండా! ఎక్కడుంచావే?"

"నా మంచం కింద."

"దొంగా! దొంగని తెచ్చుకున్నాను ఇంటికి! గిరాకీలకి తెలిస్తే కొట్టుకి తాళమే. ఎందుకే? ఎందుకు దాచావ్? ఈ నర్సమ్మ అప్పటికింకా పుట్టనైనా పుట్టలేదుగా!"

"ఆ రోజు మీరు కూనల్ని కడుగుతుంటే అది ఈ దుప్పటి మీదికొచ్చింది. చుట్టూ తిరిగింది, మడతల్లో మూతి పెట్టి వెతికింది. లేకపోయేసరికి దీని మీదే ముడుచుకుని పడుకుంది. దీన్ని కూడా తొట్టిలో వేస్తే దానికింక ఏమీ మిగలదనిపించింది. ఇప్పుడు దీని వాసన పట్టేలా కూనలకి రుద్దుతున్నాను. కాస్త మూతి అటు తిప్పుకోండి. ఇదిగో పెద్దది. ఇదిగో నల్లది. నువ్వు కూడా రావే తల్లీ, వెచ్చబడ్డావు, ఇంక పద. అయింది. రండి."

"నడుము పట్టేసింది. పిల్లల్ని మోసేది నేను, పెత్తనం నీది."

"ష్."

"దిగిందా?"

"ష్ అన్నానా!"

"దిగిందా అంటే!"

"గట్టు దిగింది."

"తిండికి దిగుంటుంది. దాని మొహానికి అంతకంటే ఏం తెలుసు?"

"గిన్నె దాటి వస్తోంది. పెట్టె దగ్గరికొచ్చింది."

"ఆ గుడ్డ కంపుకి తుమ్మి పారిపోతుంది చూడు."

"లోపలికెళ్ళింది!"

"అయ్యయ్యో, తొక్కుతుంది! మొద్దుకి కాలెక్కడ పెట్టాలో తెలుసా? చిన్నదాన్ని తొక్కేస్తుంది, ఉండు, నేను పోయి..."

"కూర్చోండి."

"ఏమన్నావ్?"

"కూర్చోండి అన్నాను. అదిగో, నాకుతోంది. పెద్దదాన్ని. ఇప్పుడు నల్లదాన్ని. అవి రెండూ పాలకి పడ్డాయి."

"మరి చిన్నది? చెప్పవేం? చిన్నదో?"

"దాన్ని తోసేసింది."

"నే చెప్పలా! రాయి! రాయి గుండె!"

"కాదత్తయ్యా, కాదు. ముక్కుతో తోస్తోంది. పొట్ట దగ్గరికి. దొర్లిస్తోంది దాన్ని. ఇంకొంచెం... ఇంకొంచెం... పట్టుకుంది! పట్టుకుందత్తయ్యా! దవడలు ఆడుతున్నాయి!"

"ఏదీ, జరుగు, నన్ను చూడనీ. ... ఊఁ. పడుకున్న తీరు చూడు, ఒక వాలూ లేదు, వరసా లేదు. ఒక కాలు గోడకి తన్నిపెట్టింది. నేనైతేనా..."

"మీరైతే?"

"ఏం లేదు."

"నేనేం అనలేదు."

"నువ్వనవు. చూస్తావు. అనడం కంటే అదే ఎక్కువ. పిల్లి సంగతి పిల్లిది. మనిషీ పిల్లీ ఒకటా?"

"ఒకటని అన్నానా?"

"ఒకపూట పాలిచ్చిందని తల్లైపోదు. రేపు మళ్ళీ గట్టెక్కి కూర్చుంటే?"

"రేపటి సంగతి రేపు చూద్దాం. ఇదిగో, చేతులు కడుక్కొచ్చాను. బుజ్జిది మీ పిడికిలి చీకుతోందత్తయ్యా."

"నాకు కళ్ళున్నాయి. రాత్రి లేస్తే? ఎక్కిళ్ళు పట్టి ఏడిస్తే?"

"నేనుంటాగా."

"నేను పక్కన లేకపోతే నిద్ర పట్టదే."

"దానికా, మీకా?"

"..."

"తప్పుగా అన్నాను. పోనీండి అత్తయ్యా. సాయంత్రం..."

"చెయ్యి చాపు."

"అత్తయ్యా?"

"చాపవే! మెడ కింద... సరేలే, నీకు తెలుసు. నా మొహంలోకి చూడకు, దాన్ని చూసుకో. అదిగో, పట్టింది. ఎలా పట్టిందో చూడు దొంగముండ, డబ్బా దగ్గర ఇంత ఆత్రం ఎప్పుడైనా చూపించిందా?"

"మీరు ఏడుస్తున్నారా?"

"ఏడవడానికి నాకేం పట్టింది? ఆ దుప్పటి కంపుకి కళ్ళు మండుతున్నాయి. నువ్వు నయమే పిల్లా, నోరు తెరిచి అడిగావు. మా అత్త నా ఒళ్ళోంచి నా పిల్లాణ్ణి తీసుకున్నప్పుడు నేను అడగలేదు. ఇక్కడే కూర్చుని చొక్కాలు మడతపెట్టుకున్నాను. అదిగో, ముందు గదిలో కాలర్లు మాడుస్తున్నాడే నీ మొగుడు, వాళ్ళ బాబాయిలు పిలవడం విని విని, పదేళ్ళొచ్చేదాకా వాడు కూడా నన్ను 'వదినా' అనే పిలిచాడే."