గురువారం పది గంటల ఫోను

నా పేరు దువ్వూరి సీతారామలక్ష్మి. వయసు యాభై రెండు. భర్త కుక్కుటేశ్వరరావు గారు, పురోహితులు. నేను ఇంటి దగ్గర ఆడపిల్లలకు సంగీతం చెబుతాను. రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరలో మా ఇల్లు. ఈ రోజు, 2003 నవంబరు 21 శుక్రవారం, ఉదయం పదకొండున్నరకు మేజిస్ట్రేటు గారి ఎదుట నా అంతట నేను చెబుతున్నాను.

మా వీధిలో తొమ్మిది ఇళ్లకు ఫోను మాదే. ఎవరైనా నంబరు అడిగితే మా నంబరే ఇచ్చి, పక్కన పి.పి., అంటే పక్కింటి ఫోను, అని రాయిస్తారు. ఎవరు మాట్లాడుకోవడానికి వచ్చినా నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేస్తాను. నేను వినడం లేదని వాళ్లకు తెలియాలి కదా. పన్నెండేళ్లుగా ఇదే పద్ధతి.

ఈ ఆగస్టు నుంచి ఒకరు ప్రతి గురువారం ఉదయం పది గంటలకు వచ్చేవారు. నంబరు వారే నొక్కుకునేవారు. నేను గిన్నెలు తోముకునేదాన్ని.

నవంబరు 8 శనివారం ఉదయం ఎనిమిదింపావుకు కానిస్టేబులు భీమరాజు గారు కాగితం పట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చారు. అది కుళాయి వచ్చే వేళ. వీధి అంతా బిందెలతో అక్కడే ఉంది. డాక్టరు చంద్రరావు గారి మానసిక వైద్యశాలలో ఎవరో మందుల బీరువా పగలగొట్టారని, ఆ ఆసుపత్రికి మూడు నెలల్లో ఏయే ఇళ్ల నుంచి ఫోన్లు వెళ్లాయో ఎక్స్ఛేంజి నుంచి జాబితా తెప్పించామని చెప్పారు.

“ఏమండీ, మీ ఇంటి నుంచి పిచ్చాసుపత్రికి పన్నెండు సార్లు చేశారు. ఎవరండీ?” అన్నారు. గట్టిగానే అన్నారు.

నేను ఎవరి వైపూ చూడలేదు. చూస్తే ఆయన చూపు నా చూపు వెంటే వెళ్తుందని భయం వేసింది.

“నేనేనండీ” అన్నాను.

అది అబద్ధం. దాన్ని ఇక్కడ సరిచేస్తున్నాను. ఆ ఫోన్లు నేను చేయలేదు.

తర్వాత స్టేషనులో ఎస్సై గారు ఆ కాగితం నాకు చూపించారు. తేదీ, గంట, ఎన్ని నిమిషాలు, అన్నీ ఉన్నాయి. అక్టోబరు 2 సెలవు, ఆ రోజు లేదు. సెప్టెంబరు 18న ఇరవై రెండు నిమిషాలు. ఆ రోజు నాకు గుర్తుంది. గిన్నెలు అయిపోతే తోమినవే మళ్లీ తోమాను. వారు వెళ్లాక చూస్తే రిసీవరు తడిగా ఉంది. కొంగుతో తుడిచాను. ఇంట్లో ఉండి నేను విననిదాన్ని ఎక్స్ఛేంజిలో యంత్రం రాసి దాచుకుంటోందని నాకు తెలియదు.

“మాటలేం లేవు కదండీ, ఉత్త అంకెలే” అన్నారు ఎస్సై గారు. మా వీధికి ఆ అంకెలు చాలు. ఆ మాటే ఆయనతో అన్నాను.

వారెవరో నాకు తెలుసు. పేరు చెప్పను. ఆడో మగో చెప్పను. ఆ శనివారం కుళాయి దగ్గర ఉన్నారో లేరో చెప్పను. పేరు బయటపడితే వారికి తామున్న ఇంట్లోనే చోటుండదు. బీరువాతో వారికి సంబంధం లేదని మాత్రం నమ్ముతున్నాను. మా ఇంటి గడియ తీయడానికే చేతులు వణికే మనిషి.

ఇప్పుడు వీధిలో పిచ్చి నాదే. పదకొండు మంది పిల్లల్లో ముగ్గురే పాఠానికి వస్తున్నారు. మా వారు ఏమీ అడగలేదు, కాఫీ మాత్రం ఆయనే కలిపి ఇస్తున్నారు. వీధిలో నా అబద్ధాన్ని అలాగే ఉండనివ్వమని కోర్టువారిని వేడుకుంటున్నాను.

నా భయం వేరే ఉంది. ఆ శనివారం తర్వాత మా ఫోను దగ్గరికి ఎవరూ రావడం లేదు. వారూ రాలేదు. 13 గురువారం రాలేదు. నిన్న గురువారం రాలేదు. మందు ఆపితే ప్రమాదమని డాక్టరు గారు చెప్పినట్టు వారే ఒకసారి గుమ్మంలో నాతో అన్నారు. వెళ్లి పలకరిద్దామంటే, నేను ఏ గడప తొక్కుతానా అని వీధి చూస్తోంది. నిన్న పది గంటలకు వీధి తలుపు తీసి పెట్టి, వంటింట్లోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేశాను. పదిన్నర దాకా చేశాను.

వచ్చే గురువారం, 27వ తేదీ, ఉదయం పది గంటలకు పోలీసువారెవరినీ మా వీధికి పంపవద్దని మనవి.

ఇది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినంత వరకు నిజం. చెప్పకుండా వదిలిన చోట ఎవరూ ఏమీ రాయవద్దు.

(సంతకం) దువ్వూరి సీతారామలక్ష్మి