నల్లమల దాటిన నెత్తురు వెలుగు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మాట. కొమరోల్లో బస్సు ఆగేకాడ మాలకొండయ్య టీ దుకాణం. నాగమల్లేశ్వరి తన మొగుడు రంగనాయకుల్ని బెంచీ మీద పండబెట్టింది. వాని ఒంటి మీద టీ కాచుకోవచ్చు, అంత జ్వరం. టెట్రాసైక్లిన్ గోళీ చేతిలో పెట్టుకోని గ్లాసుడు పాలడిగింది. ఇంగ్లీషు మందు వేడి. మా పక్క పాలు లేకుండా ఎవురూ మింగరు.

"గ్లాసేం సరిపోతాది పిల్లా" అన్నా నేను. "మా ఆయనకు ఈ గోళీనే చెంబుడు మేకపాలతో ఇచ్చినా. చెంబు చాలక కడవ. కడవ చాలక మంద మొత్తం పిండినా."

"కోటమ్మత్తా, నీ మందంటే నాలుగు మేకలే గదా" అన్నాడు మాలకొండయ్య.

"నువ్వు టీ కాచుకో నాయనా. పెద్దాసుపత్రిలో ఆయన నెత్తురు తీసి, గది చీకటి చేసి, ఊదారంగు దీపం కింద పెట్టినారు. మందెక్కిన నెత్తురు ఆ దీపానికి పచ్చగా మెరుస్తాది. ఎంత మెరిస్తే అంత మందున్నట్టు. మా ఆయనది ముందు పసుపునీళ్ల మాదిరి మెరిసింది. ఆ తర్వాత ఏమాయెనో తెలుసునా? డాక్టర్లు ఆ వెలుగులో పేపరు చదువుకున్నారు. కొలిచే మిషన్లో ముల్లు తిరిగి తిరిగి ఇరిగిపడె. వెలుగు కిటికీలోంచి దూకి నల్లమల ఎక్కె, పెద్దపులి తెల్లారిందనుకోని గుహలోకి పోయె, ఇవతల గిద్దలూరు టేసన్లో రైలు కదల్లేక నిలబడిపాయె..."

నవ్వుతానే నాగమల్లేశ్వరి మొగుడి తలెత్తి, గోళీ వేసి పాలు తాగించింది.

మా తోడికోడలు శ్రీశైలమ్మ నవ్వలా. "అక్కా, ఆ గదిలో నీ పక్కన నేనూ ఉంటి. బావ నెత్తురు మెరవలా. పాలు మందును పట్టుకోని నెత్తుర్లోకి పోనియ్యలేదని డాక్టరు నీకే చెప్పె. నీళ్లతో ఇయ్యమనె. అప్పటికే ఆలస్యమాయె. గోనెపట్టా కప్పి బండిలో తెచ్చుకుంటిమి గదా బావను."

"బస్సు ఇంకా రాలేదేంది" అన్నా నేను.

శ్రీశైలమ్మ నాగమల్లేశ్వరి వైపు తిరిగింది. "మిగతావి నీళ్లతో ఇయ్యమ్మా."

"ఇన్నాళ్లూ పాలతోనే ఇచ్చినా అత్తా" అన్నాది ఆ పిల్ల. "ఇదే ఆఖరిది."