రెండేళ్ళు చిన్నదైన పిన్ని

ఆస్పత్రి వరండాలో ఇద్దరు ఆడవాళ్ళు బెంచీ మీద కూర్చున్నారు. లోపల ఆపరేషన్ జరుగుతున్న మనిషి ఒకరికి అమ్మ, ఇంకొకరికి అక్క. కూతురు ఊరికే ఉండలేక ఫోన్ తీసింది.

"పిన్నీ, పుట్టిన సంవత్సరం కొడితే మనది ఏ తరమో చెప్పేస్తోంది. నాకు నలభై ఆరు, నీకు నలభై నాలుగు. నేను పాత తరమట, నువ్వు కొత్త తరమట!"

పిన్నికి ఒళ్ళు మండిపోయింది.

"ఈ ముక్క అప్పుడు మా అమ్మకి ఎవరూ చెప్పలేదేం? మా అక్కకి నువ్వు పుట్టిన రెండేళ్ళకి మా అమ్మ నన్ను కంటే, అది నా తప్పా? కిటికీ పక్క సీటు నీకు. కొత్త సైకిలు నీకు. 'నువ్వు పిన్నివే, పెద్దదానివి, సర్దుకో' అని నాకు! అప్పటికి నాకు ఐదేళ్ళు, నీకు ఏడు!"

"నేనడిగానా?"

"వద్దన్నావా?"

"పోనీ, ఇవాళ్టి నుంచి నువ్వే చిన్నదానివి. పేరు పెట్టి పిలవనా?"

"పిలిచి చూడు, పళ్ళు రాలతాయి! ఇన్నేళ్ళూ ఆ పెద్దరికం మోసి మోసి నా నడుం పడిపోయింది. ఇప్పుడొచ్చి ఊరికే లాక్కుపోతావా?"

తలుపు తెరుచుకుంది.

"పేషెంటు తాలూకు పెద్దవాళ్ళెవరు? డాక్టరుగారు మాట్లాడాలట. ఒక్కరే రండి" అంది నర్సు.

కూతురు లేవలేదు.

"వెళ్ళవే, పాత తరమా!"

"నువ్వెళ్ళు పిన్నీ. నాకు భయంగా ఉంది."

"నాకు లేదూ? లోపలున్నది మా అక్క కాదూ?" అని కసిరింది పిన్ని. కసురుతూనే లేచి, పైట సర్దుకుని, తలుపు దగ్గరికి నడిచింది.

"నేనేనమ్మా పెద్దదాన్ని" అంది నర్సుతో, ఇంకా కోపంగానే.