ముందే నొక్కే చెయ్యి

టీవీ ఖరాబు చేసిన అంటవేంది? ఖరాబు కాలే, బాగైంది. మటన్ గిన్నె తోముకుంటనే ఇను.

ఓడినోళ్లే ఆదివారం గిన్నెలు తోమాలని రూలు పెట్టిందెవరు? నువ్వే గదా మొగుడా. చిన్నప్పటి గేమ్‌ను కంప్యూటర్ల ఎక్కించి, పెద్ద టీవీకి తగిలించి పెట్టినవ్. అప్పటిసంది ఒక్కసారన్నా తోమినవా? పైగా చర్చి నుంచి వచ్చిన మీ చెల్లె స్తుతి ముందట, "మా దీవెన చేతులు మొద్దు" అని నవ్వుడు.

అవ్, నేనూ నమ్మిన. బటన్ నొక్కుత, బొమ్మ ఎగరదు. ఎగిరేలోపు గుంతల పడుతది. నా చేతిని నేనే తిట్టుకున్న.

తర్వాత కూసొని నెట్ల చదివిన. అంతా ఇంగ్లీషే, డిక్షనరీ పక్కన పెట్టుకొని. తప్పు చేతిది కాదయ్యా. ఆరాధన వీడియోలు నున్నగ కనబడాలని టీవీల ఏదో ఆన్ చేసినవ్ చూడు, అది ఒక్కో బొమ్మను పట్టుకొని, సాపు చేసి, అప్పుడు చూపిస్తది. అందాక మనం నొక్కింది ఆగాల్సిందే. దాన్ని తీసేసి గేమ్ మోడ్ పెట్టిన.

ఇంకోటి. బొమ్మ నడుమకు చీలి, తల ఒక దిక్కు కాళ్లొక దిక్కు పోతున్నయని కంప్యూటర్ల ఒక సెట్టింగ్ పెట్టినవ్. చీలుడు ఆగింది, ఆలస్యం పెరిగింది. నేను దాన్ని అట్లనే ఉంచి, బొమ్మ గీసే ముందు ఆఖరి క్షణంల బటన్ నొక్కినమా అని కంప్యూటర్ చూసేటట్టు మార్చిన. ఇప్పుడు చీలదు, ఆగదు.

మరి ఇయ్యాల నువ్వెందుకు ఓడినవంటవా?

మణుగూరు ఓపెన్ కాస్టు గనిల డంపర్ తోలేటోడివి. బొగ్గు లోడుతోని బండి ఆగాలంటే ముందే బ్రేకు తొక్కాలె. గట్లనే టీవీ ఆలస్యానికి సుత నీ చెయ్యి ముందే నొక్కుడు నేర్చింది. ఇయ్యాల ఆలస్యం లేదాయె. గుంత రాకముందే ఎగురుడు, పోయి సక్కగ గుంతలనే దిగుడు. "క్రాంతన్నా, అండ్ల ఏమన్న పారేసుకున్నవా, గన్నిసార్లు దిగుతున్నవ్?" అని స్తుతి అడుగుతుంటె నాకు పొలమారింది.

అలగకు. నీ చెయ్యి కూడా మంచిదే, జర కుదురుకోవాలె.

ఒక్క మాట చెప్త, గిన్నె కింద పెట్టకు. ఆలస్యం తీసేస్తే దానికి అలవాటైన చెయ్యి తడబడుతదని సుత అండ్లనే రాసుంది. చదివిన. చెప్తే చర్చికి పోకముందే కూసొని సాధన చేద్దువు. అందుకే చెప్పలే. ఒక్క ఆదివారమన్నా కుర్చీల కూసొని, కాళ్లు మలుచుకొని, నువ్వు తోముతుంటె చూడాలనిపించింది.