పదకొండు రోజులు ఆలస్యమైన సాక్షి సంతకం

ఈరోజు పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి వరూధినిగారు బొమ్మసంద్రలోని మన సెమీకండక్టర్ కర్మాగారంలో 1989 జూలై 3వ తేదీన, సోమవారం నాడు, శిక్షణ ఇంజనీరుగా ప్రవేశించారు. ఆ ఉద్యోగం తనకే దక్కుతుందని నమ్మి, మరుసటి ఏడాది వరకూ పిలుపు అందుకోలేకపోయిన ఈ వ్యాసకర్త దేవదానానికి ఆ తేదీ వారి కుటుంబ సభ్యులకన్నా బాగా గుర్తు.

సిలికాన్ పలకను వెలుగులో వంచి చూసి, లోపం ఏ దశలో పుట్టిందో చెప్పగల నేర్పు వరూధినిగారిది. వారికి పదోన్నతి లభించిన ప్రతిసారీ మిఠాయి పంచే బాధ్యత దేవదానం మీదే పడేది. ఒక్క ముక్కా అతని గొంతు దిగేది కాదు. ప్రతిభ, వినయం రెండూ వారికి సమృద్ధిగా ఉన్నాయి. ఏదో ఒకటే ఉండి ఉంటే భరించడం సులువయ్యేది.

మన ప్రయోగశాలలో ఒక నియమం ఉంది. పుస్తకంలో ఒకరు రాసిన ప్రయోగ వివరాలను మరొకరు పరిశీలించి, ‘చదివి అర్థం చేసుకున్నాను’ అని రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. ఆవిష్కరణకు ఆ తేదీయే ప్రమాణం. వరూధినిగారి పుస్తకానికి ఏళ్ల తరబడి సాక్షి దేవదానమే.

2016లో ఒక జపాను సంస్థతో ఉమ్మడి అభివృద్ధి ఒప్పందం కుదిరింది. మార్చి 14న సంతకాలు. అంతకుముందు సాక్షి సంతకంతో నమోదైన పద్ధతులు మన సొంతం. ఆ తర్వాతవి ఉభయులవి, ఒకరి సమ్మతి లేకుండా మరొకరు వాటిని ఎవరికీ లైసెన్సు ఇవ్వరాదు. పలకలపై మరక పడకుండా కడిగే పద్ధతి కోసం దేవదానం రెండేళ్లు తల బద్దలు కొట్టుకున్నాడు. వరూధినిగారు ఎనిమిది రోజుల్లో సాధించి, మార్చి 4న పుస్తకాన్ని అతని బల్లపై ఉంచారు. అతను దాన్ని సొరుగులో పెట్టేశాడు. సంస్థకు నష్టం చేయాలని కాదు, అర్థం చేసుకున్నానని రాయడానికి చేయి రాలేదు. పదిహేనున సంతకం చేశాడు. తప్పుడు తేదీ వేసే ధైర్యమూ లేక ఆనాటి తేదీయే వేశాడు.

ఆ పద్ధతి ఎవరి సొంతమో తేల్చే సమావేశంలో డైరెక్టరు నాగేంద్రగారు పుస్తకం తిప్పి చూశారు.

“పేజీ నాలుగో తారీఖుది, విట్నెస్ పదిహేనున. ఏంటిది మేడం?”

“నేనే లేటుగా ఇచ్చినా సార్” అన్నారు వరూధినిగారు.

పక్క కుర్చీలోని దేవదానం మంచినీళ్ల గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ పద్ధతి ఉమ్మడి ఆస్తి అయింది. జాప్యం నింద మీద పడడంతో, వరూధినిగారికి రావలసిన లైసెన్సింగ్ విభాగాధిపతి పదవి దేవదానానికి దక్కింది. తొమ్మిదేళ్లు వారు అతని కింద పనిచేశారు. అయినా అతని కడుపుమంట చల్లారలేదు. జపాను అతిథులు సైతం అతనికి నమస్కరించి, సందేహాలు మాత్రం వారినే అడిగేవారు.

మన సంస్థ పత్రికకు రాస్తున్న ఈ వీడ్కోలు వ్యాసానికి వివరాలు కావాలంటూ పోయిన వారం దేవదానం వారి బల్ల దగ్గరికి వెళ్లాడు.

“ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు మేడం?”

“కోపం లేకనా అప్పా? ఇప్పటికీ ఉండాది. నిన్ను బయటపెట్టింటే, ఇంక లాబ్‌లో ఒకరి బుక్కు ఇంకొకరి చేతికి ఇచ్చేవాళ్లే కాదు. పని నిలిచిపోతాదని నోరు మూసుకున్నా.”

“ఇప్పుడు నేను రాసేదా?”

“రాయి. డేటు మాత్రం సరిగ్గా వెయ్యి.”

కనుక నాగేంద్రగారు ఈ సంగతిని ఇక్కడే తొలిసారి చదువుతారు. దాని ఫలితం దేవదానం అనుభవిస్తాడు. ఇంతటి మనసు తనకెందుకు లేకపోయిందని ఈ వాక్యం రాస్తూ కూడా అతను కుళ్లుకుంటున్నాడు.

వరూధినిగారు ఆయురారోగ్యాలతో, కంటి చూపు తగ్గకుండా, కోపం మాత్రం కాస్త తగ్గి, నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాడు. వారి ముప్పై ఆరేళ్ల సేవకు సాక్షిగా, ఈసారి జాప్యం లేకుండా:

చదివి అర్థం చేసుకున్నాను.

దేవదానం, 2025 సెప్టెంబరు 30.