రాడ్డు లేని డోరు

నా వయసు యాభై రెండు. కారు బాడీలకి డెంటింగ్ చేస్తాను, అంటే సొట్టలు తీసే పని. ఒకే షెడ్డులో ఇరవై ఆరేళ్ళు. స్టేషనుకి ఎవరూ పిలవలేదు, నేనే వచ్చి చెబుతున్నాను.

మూడో తేదీ ఉదయం పదిన్నరకి మా షెడ్డు ఓనరు బాగుచేసి అమ్మడానికి ఒక పాత కారు తెచ్చాడు. వెనక ఎడమ డోరు నుజ్జయి ఉంది. పాత సామాన్ల యార్డు నుంచి ఇంకో డోరు తెప్పించాడు. అదే కంపెనీది, అంతకు ముందు మోడల్‌ది. ఆకారం ఒకటే, బోల్టులు సరిపోయాయి. లోపల అడ్డ రాడ్డు మాత్రం లేదు. పక్కనుంచి ఏదైనా గుద్దితే డోరు మనిషి మీదికి రాకుండా ఆపేది ఆ రాడ్డే. ఆ రోజుల్లో కంపెనీ తెలియక మానేసిందనుకోకండి. ఖరీదైన బండ్లకి పెట్టింది. చవక బండి ఎక్కేవాళ్ళ పక్కటెముకలు ఉక్కువనుకుంది కాబోలు.

ఓనరుకి చెప్పాను. "డోరు డోరేరా. అందులో నువ్వు కూర్చుంటావా, మీ ఆవిడ కూర్చుంటుందా?" అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను.

కొనేవాళ్ళు డోరు మీద వేళ్ళతో కొట్టి చూస్తారు. రేకు డబ్బాలా మోగితే కొనరు. అందుకని లోపల తారు షీటు అంటిస్తాం, అప్పుడు దబ్బుమంటుంది. అన్ని షెడ్లలో చేసే పనే. నేను రెండు పొరలు అంటించాను.

ఆరో తేదీ సాయంత్రం నాలుగింటికి బట్టలు కుట్టే ఆవిడ ఒకామె కారు చూడ్డానికి వచ్చింది. వాళ్ళమ్మని వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళాలట. డోరు మీద కొట్టింది. "మా ఇంటి తలుపుకన్నా నయమే. అన్నా, గట్టిదేనా?" అంది. "గట్టిదేనమ్మా" అన్నాను. కొనుక్కెళ్ళింది.

ఇరవై ఎనిమిదిన ఉదయం తొమ్మిదీ పదికి కూడలిలో ఒక వ్యాను ఆ కారుని ఎడమవైపు గుద్దింది. పెద్ద వేగమేం కాదు. బండి నడుపుతున్న కూతురికి గాజు గీతలు. వెనక ఎడమ పక్కనున్న తల్లి అక్కడే పోయింది. డోరు ఆవిడ ఒళ్ళోకి వచ్చేసింది.

మీ స్టేషన్లో చోటు లేదని బండిని మా షెడ్డు వెనకే పెట్టించారు. అది ఎవరి తెలివో మీరే చెప్పాలి. మర్నాడు మధ్యాహ్నం ఓనరు వేరే డోరులోంచి కోసిన రాడ్డు నా చేతికిచ్చాడు. వెల్డింగ్ చేశాను. దెబ్బకి వంగినట్టు సుత్తితో వంచాను. అతుకులకి మసి పూశాను. నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ బతికుండగా ఆ నలభై నిమిషాలు మాకు దొరకలేదు. ముప్ఫైన తనిఖీ అధికారి వచ్చి, తొంగి చూసి, రాడ్డు ఉందని రాసుకుపోయాడు.

నిన్న పదకొండింటికి కూతురు షెడ్డుకొచ్చింది. "అమ్మ కుడి పక్కే కూర్చుంటానంది. ఎండ కొడుతుందని నేనే ఎడమ పక్కకి జరగమన్నాను" అంది. ఓనరు, "అదే మరి. అమ్మని చావు పక్కకి జరిపింది నువ్వు. డోరునంటే ఎలా?" అన్నాడు. ఆవిడ తలూపింది. ఒప్పుకున్నట్టే ఊపింది. ఆవిడ గేటు దాటేదాకా నేను సొట్ట తీస్తూనే ఉన్నాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. 'యజమాని ఒత్తిడి వల్ల' అని ఉన్నచోట కొట్టేయించాను. ఒత్తిడేం లేదు. చెప్పాడు, చేశాను. 'కూతురు అటు జరపడం వల్ల' అని ఉన్నచోటా కొట్టేయించాను. డోరు వల్ల. మిగిలినదంతా నా నోటితో చెప్పిన నిజం.

(సంతకం)