భూమేశన్న దీవి కావలి

బాన్సువాడ బస్టాండు ఎదురుగా ఉన్న పోసవ్వ హోటల్లో భూమేశన్న కూర్చున్నాడంటే చాయ్ చల్లారాల్సిందే, ఆయన మాట చల్లారదు. ఆ శనివారం పదకొండు కొట్టకముందే వచ్చి రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. నిజామాబాద్ బస్సులో మేనకోడలు సింధుజ దిగుతుంది, బండి మీద ఇంటికి తీసుకుపోవాలి. వినడానికి ముగ్గురమే ఉన్నాం: మొబైల్ షాపు యోగేష్, పిట్లం దాకా ఆటో నడిపే నేను, చాయ్ పోసే పోసవ్వ.

"పిల్ల ప్రాక్టికల్స్‌కు వోయి ఎనిమిది రోజులాయె. పొయ్యేటప్పుడు నాకేం అప్పజెప్పి వోయిందో ఎర్కేనా?" అన్నాడు.

"బర్రెనా?" అంది పోసవ్వ.

"దీవి."

పోసవ్వ జల్లెడ పట్టుకుని అట్లాగే నిలబడింది. యోగేష్ నవ్వి విడమరిచి చెప్పాడు. "గేమ్ అవ్వ. టీవీకి తగిలిచ్చి ఆడుతరు. నీకో దీవి ఇస్తరు, చెట్లు వెట్టుకో, చేపలు వట్టుకో. కొట్లాటలుండయ్, ఉరుకులాట ఉండది."

"అరే, నా దీవి నన్ను జెప్పనియ్యి" అని భూమేశన్న గ్లాసు పక్కకు జరిపాడు. "ఒక్క దీవిల ఒక్క రకం పండే కాస్తది. మా పిల్లకు ఆపిల్ వచ్చింది. తక్కిన రకాలు గావాల్నంటే వేరేటోళ్ల దీవికి వోయి తెచ్చుకోవాలె. ఏడాదిన్నర తిరిగి ఐదు రకాలు జేసింది. ఇగ ఒక్క పీచ్ పండే తక్కువ. వర్ని ఊర్ల దాని దోస్తు నీరజ ఉన్నది గదా, గా పిల్ల రేపు పొద్దుమీకి పీచ్ పండు వట్టుకొని దీవికొస్తది. ఉత్తగ ఇయ్యది మల్ల, మనం ఐదు రకాలల్ల ఒక్కోటి ఇస్తెనే. మామా, రోజుకోపారి చూడు, చెట్ల జోలికి మాత్రం పోకు అని ఒట్టు వెట్టిచ్చుకొని మరీ బస్సెక్కింది."

"పోలేదు గదా?" అన్నాను నేను.

"నువ్వు ఇను. మొదటి రోజు నేనేం జెయ్యలే, అబద్ధం నాకెందుకు. ఒక్క చెట్టు జరంత ఊపిన, మూడు ఆపిల్ పండ్లు పడ్డయ్, గంతే. రెండో రోజు ఇంకోటి ఊపిన. కందిరీగలు లేసినయ్. టీవీలకెళ్లి ఒకటి బయటికొచ్చి గీడ కుట్టింది, చూడు." చెంప చూపించాడు.

"గది పొద్దున గడ్డం గీసుకుంటే తెగింది. పటిక అడిగితివి గదా నన్ను" అంది పోసవ్వ.

"గడ్డం గీసుకున్నదే కందిరీగ కుట్టిన జాగ చూసుకుందామని. అటెన్క ఏమైందో ఎర్కేనా? మూడో రోజు ఒడ్డుకు వోతే టోపీ వెట్టుకున్న తాబేలొకటి పడవ వట్టుకొని నిలవడ్డది. ఎక్కుమన్నది, ఎక్కిన. ఇగ తిప్పింది సూడు, ఒక్కో దీవిల ఒక్కో పండు. ఒకదాంట్ల చెర్రీ, ఒకదాంట్ల సంత్ర, ఇంకోదాంట్ల సీతాఫలం, గా పక్కదాంట్ల తునికి పండ్లు."

"తునికి పండ్లా?" పోసవ్వ చేసేది మొన్నటిదాకా బీడీలే, తునికాకు సంగతి ఆమెకు చెప్పనక్కర లేదు. "అవి ఎండకాలం గదా కాసేది?"

"గా దీవిల ఎండకాలం, వానకాలం, చలికాలం పొద్దటీలికెళ్లి మాపటి దాకా అన్ని ఒక్కనాడే అయిపోతయవ్వ. నాలుగో రోజుకు పన్నెండు రకాలైనయ్. ఐదో రోజుకు నలభై. తాబేలు అలిసిపోయి పడవ నా చేతికే ఇచ్చి పండుకున్నది. యోగేష్, అసలు గా ఆటల ఎన్ని రకాలుంటయ్?"

"ఆరే అన్న."

"ఆరు నీకు. నూటపన్నెండు తెచ్చిన నేను. మల్ల ఎసొంటి పండ్లు? ఒక సంత్ర పండు ఎంతున్నదంటే దాని మీదికెక్కి చూస్తే నిజాంసాగర్ గేట్లు కనవడ్డయ్. దాన్ని కోస్తే రసం ఆగుతదా? టీవీ కిందికెళ్లి కారుతుంది. మీ వదిన బకిట్ వెట్టింది, నిండింది. గోలెం వెట్టింది, నిండింది. ఇగ గల్లీల ఉన్నోళ్లందరిని పిలిచి గ్లాసులిచ్చింది."

"మా షాపు గా గల్లీలనే. నన్నెవలూ పిలవలే" అన్నాడు యోగేష్.

"నీకు దగ్గు ఉండె. నీ మంచికే పిలవలే. అటెన్క ఏమైందో ఎర్కేనా? నూటపన్నెండు రకాల బరువుకు దీవి ఒక దిక్కు ఒరిగింది. ఒరిగి మునుగుతుంది. అండ్ల ఉండేటి కుందేలు, బాతు, ఎలుగుబంటి నా కాళ్లు వట్టుకొని ఏడుస్తున్నయ్. పిల్ల ఏడాదిన్నర కష్టం, రేపొచ్చి నా దీవేది మామా అంటే నేనేం జెప్పాలె? ట్రాక్టర్ గొలుసు తెచ్చిన, ఒక కొస దీవికి గట్టిన, ఒక కొస ట్రాక్టర్‌కు గట్టిన, ఎడ్లు గూడ గుంజనంత గుంజిన. మీటలు నొక్కి నొక్కి నా బొటనవేలు వాసింది. లేపి నిలవెట్టిన. బొట్టు నీళ్లు తగలనియ్యలే."

నేను చాయ్ తాగడం మరిచిపోయాను. నమ్మి కాదు. ఇన్ని కోతలు కోస్తున్నా ఆ మనిషి కళ్లలో ఒక్క చిన్న తడబాటు లేకపోవడం చూసి. పోసవ్వ మాత్రం కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"భూమేశా, ఒక మాటడుగుత. పండ్లు ఏరుడు గూడ ఒక పనేనారా? చిన్నపిల్లలు గూడ ఏరుతరు. ముప్పై ఏండ్లాయె ఎవుసం జెయ్యవడితివి. అంత నేలల నువ్వు జేసిన పనేంది?"

భూమేశన్న ముఖం మారింది. గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

"పనా? నాలుగెకరాలు ఒక్కన్నే సాగుకు దెచ్చిన."

"ఏడ?"

"దీవిలనే. ఏమనుకున్నవవ్వ? చుట్టూరంగ నీళ్లు, నడిమిట్ల వాగు, నల్లటి నేల. గసొంటి నేలను దున్నకుంట పడావు వెట్టి నాలుగు చెట్లు వెట్టుకున్నది పిల్ల. మన కాలువ కొసకు నీళ్లు రాక మనం సచ్చిపోతుంటిమి, గీడేమో నీళ్లు ఉత్తగ సముద్రంల గలుస్తున్నయ్. రెండు రోజులు ఓపిక వట్టిన. మూడో రోజు గొడ్డలి తీసిన."

సరిగ్గా అప్పుడే నిజామాబాద్ బస్సు వచ్చి ఆగింది. సింధుజ దిగి, భుజాన సంచీతో రోడ్డు దాటి, మామ వీపు చూసి హోటల్ వైపు వచ్చింది. నేను కళ్లతో సైగ చేశాను. ఆయన చూడలేదు. ఎవుసం మాట మొదలైతే ఆయనకు ఎవరూ కనబడరు.

"చెట్టుకు మూడు దెబ్బలు. మొద్దులు వదిలితే నాగలికి తాకుతయని పారతోని పెకిలించిన. గుంతలు పూడ్చిన. ఇగ నాటు వెయ్యాలె, కూలీలు గావాలె. కుందేలునడిగిన, బాతునడిగిన, ఎలుగుబంటినడిగిన. ఒక్కటి వంగుతదా? పొద్దంత పాటలు వాడుకుంట తిరుగుతయ్. తెంపిన పండ్లన్ని పంచి వెట్టిన, తిన్నంక గూడ రాలే. ఇగ ఒక్కన్నే వంగిన. గుట్ట మీద పచ్చగ మొలకలున్నయ్, నారు లెక్కనే. పీకి తెచ్చి సాలు సాలుకు జానెడు ఎడంతోని నాటిన. పొద్దున ఒకపారి, పొద్దుమీకి ఒకపారి నీళ్లు వెట్టిన."

ఎవరూ నవ్వలేదు. ఈసారి ఆయన ఏదీ పెంచడం లేదు. నూటపన్నెండు రకాలు, గొలుసు, గోలెం, ఏవీ లేవు. ఇంతసేపు చెప్పినవన్నీ అబద్ధాలు, ఇదొక్కటే నిజం.

"ఎన్ని చెట్లు?" అని వెనకనుంచి వినబడింది.

"ముప్పై నాలుగు" అని ఠక్కున చెప్పి, అప్పుడు తిరిగి చూశాడు.

వెనక సింధుజ నిలబడి ఉంది. సంచీ భుజం మీంచి జారి నేల మీద పడింది, తీసుకోలేదు. పోసవ్వ లేచి స్టూలు ఇచ్చింది, కూర్చోలేదు.

"అన్ని రకాలా, మామా?"

"ఫికర్ జెయ్యకు బిడ్డ. నువ్వు ముందు గిది జూడు." భూమేశన్న గబగబా ఫోను తీశాడు. టీవీ ముందు నిలబడి తీసిన ఫోటో అది. దీవి నున్నగా చదునై ఉంది. ఒక్క చెట్టు లేదు. ఒడ్డు నుంచి ఒడ్డుకు దారం పట్టి వేసినట్టు పచ్చటి సాళ్లు. నిజం చెప్పాలంటే, అంత చక్కటి నాటు మా చుట్టుపక్కల పొలాల్లో కూడా నేను చూడలేదు. యోగేష్ తొంగి చూసి, తల పక్కకు తిప్పుకున్నాడు.

"రేపు నీరజ వస్తది" అంది సింధుజ. "ఐదు రకాలు అడుగుతది. దానికి నేనేమియ్యాలె మామా?"

"వడ్లిద్దాం" అన్నాడు భూమేశన్న, మళ్లీ ఛాతీ విరిచి. "నెల తిరిగితే కోతకొస్తది. ఒక్క పీచ్ పండుకు బస్తా వడ్లిద్దాం. నీరజ ఎందుకు గాదంటది? దాని దీవోళ్లందరు గూడ మన దీవికే వస్తరు. తాబేలు పడవల మీద పడవలు గట్టుకొని..."

సింధుజ ఫోను చేతిలోకి తీసుకుని చూసింది. ఒకసారి కళ్లు తుడుచుకుంది. కోపం వచ్చి ఉంటే బాగుండేది, రాలేదు.

"మామా, గా ఆటల వరి లేదు. నువ్వు నాటింది గడ్డి."

భూమేశన్న యోగేష్ వైపు చూశాడు. యోగేష్ తలూపాడు.

భూమేశన్న మేనకోడలి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి ఒక సాలు చూశాడు. ఇంకా పెద్దది చేసి, కంటి దగ్గరికి తెచ్చుకుని, ఒక్క మొక్కను ఆకు నుంచి మొదలు దాకా చూశాడు.

"గడ్డే బిడ్డ" అన్నాడు.